రేవు మూసిన కాగితం

లాంచీ ఇంజను మిస్త్రీ భార్య గడప దాటి లోపలికి రాలేదు. పెద్ద కోడలు రెండుసార్లు కుర్చీ జరిపింది. అక్కర్లేదన్నట్టు తల ఊపి, ఆవిడ ఆదివారం మధ్యాహ్నపు ఎండను వీపు మీద మోస్తూ గుమ్మం అవతలే నిలబడింది.

కొట్లాటకు వచ్చిన మనిషి కాదు. అలా వచ్చేవాళ్లు అంత మెల్లగా తలుపు తట్టరు.

“నిన్న రేవు గేటు దగ్గర పదిమంది ముందు మా ఆయన చెంప పగలగొట్టావు తమ్ముడూ,” అంది, కిటికీ దగ్గర అటు తిరిగి కూర్చున్న పెద్ద కోడలి మరిదితో. “పోనీ, పన్నెండేళ్లు ఒకే లాంచీ మీద బతికినవాళ్లు, కోపంలో చెయ్యి లేచిందనుకున్నాం. కానీ ‘చాడీలు మోసి ఉద్యోగం సంపాదించుకున్నాడు’ అన్నావు చూడు, ఆ మాట ఆయనకి మింగుడు పడటం లేదు. నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు.”

మరిది ఇటు తిరగలేదు. అతని ముందున్న బల్ల మీద మొన్న వచ్చిన నోటీసు ఉంది. పాత రేవు మూసేశారు. అతను నడిపే నీలి లాంచీ లైసెన్సు నిలిపేశారు. ఎల్లుండి పోర్టు ఆఫీసులో విచారణ. నోటీసు వెనక ఇంకో కాగితం గుచ్చారు. రవాణా, తీర రక్షణ నిధి కోసం పోర్టువాళ్లు పెట్టుకున్న దరఖాస్తులో అది ఒక పేజీ. ప్రమాదానికి తావున్న చోట్లు అన్న శీర్షిక కింద మూడో అంశాన్ని ఎర్ర గీతతో గుర్తు పెట్టి పంపారు.

ఆ మూడో అంశం ఇప్పుడు రేవులో చదువు రానివాళ్లకు కూడా నోటికి వచ్చేసింది. క్రితం చలికాలంలో పొగమంచు దట్టంగా కమ్మిన ఒక ఉదయం, పాత రేవుకు చెందిన నీలిరంగు లాంచీ ఒకటి, చమురు జెట్టీ స్తంభాలను చెయ్యి చాపితే అందేంత దగ్గరగా రాసుకుంటూ పోయిందనీ, ఏ కాపలాదారూ దాన్ని ఆపలేదనీ, ఇదే దారిన ఎవరైనా ఏదైనా తీసుకుని రావచ్చనీ.

“ఆ పొద్దున లాంచీ మీద ముగ్గురం ఉన్నాం అక్కా,” అన్నాడు మరిది, కిటికీ చువ్వలతో మాట్లాడుతున్నట్టు. “ఒకడు తెలివి లేకుండా పడున్నాడు. రెండోవాణ్ణి నేను. నేను చెప్పలేదు. ఇక మిగిలిందెవరో నువ్వే చెప్పు.”

ఆవిడ కళ్లు తుడుచుకోవడానికి కూడా మొహమాటపడి, వీధి వైపు చూస్తూ ఉండిపోయింది.

అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. కొత్త నిధితో పోర్టువాళ్లు గస్తీ పడవ కొన్నారు. దాని ఇంజను చూసుకోవడానికి మనిషి కావాలన్నారు. మిస్త్రీ దరఖాస్తు పెట్టుకున్నాడు, ఎంపికయ్యాడు కూడా. లాంచీ ఆగిపోయిన వారంలోనే అతనికి ఆ కబురు రావడం మరిదికి గుండెల్లో నిప్పులు పోసినట్టయింది.

పెద్ద కోడలు మంచినీళ్ల గ్లాసు అందించింది. మొహం చూడకుండా అందించడంతో సగం నీళ్లు గడప మీదే ఒలికిపోయాయి.

“నీ ధ్యాస కూడా ఇక్కడ లేదు చెల్లీ,” అంది మిస్త్రీ భార్య జాలిగా. “ఈ గొడవ నిన్నూ తినేస్తున్నట్టుంది. నువ్వు ఆ ఆఫీసులోనే కదా చేస్తున్నావు. ఆ కాగితం ఎవరు రాశారో, ఎవరు చెబితే రాశారో కాస్త కనుక్కోలేవా? నీకు పుణ్యముంటుంది.”

మరిది అప్పుడు తిరిగాడు. తనూ అదే అడిగానని, వదిన కనుక్కుంటానని మాటిచ్చిందని చెప్పాడు. చెబుతున్నప్పుడు అతని గొంతులో రెండు రోజులుగా లేని మెత్తదనం వచ్చింది.

“కనుక్కుంటాను,” అంది పెద్ద కోడలు. ఆ మాట అంటూ ఒలికిన నీళ్లు తుడవడానికి వంగింది. వంగితే మొహం కనపడదు.

కనుక్కోవడానికేముంది. ఆ కాగితం రాసింది తనే.

*

పోర్టు రక్షణ విభాగంలో ఆమెను అందరూ నోట్ మేడం అంటారు. ఏ ఫైలు పైకి వెళ్లాలన్నా దాని మీద నోట్ ఆమే రాయాలి. ఆమె ఎవరింటి కోడలో, సాయంత్రం ఏ వీధిలోకి తిరిగి వెళుతుందో ఆ ఆఫీసులో ఎవరికీ పట్టదు.

వరుసగా రెండేళ్లు ఆ నిధి కోసం పంపిన దరఖాస్తు వెళ్లిన దారినే తిరిగి వచ్చింది. మూడోసారి రక్షణాధికారి ఆమెను కూర్చోబెట్టుకుని చెప్పాడు. మన పోర్టు భద్రంగా ఉందని మనమే రాసుకుంటూ పోతే పైవాళ్లు చదివి సంతోషించి ఊరుకుంటారు. కన్నం ఎక్కడుందో చూపించాలి. చదివినవాడికి ఒళ్లు జలదరించాలి.

ఆయన చెడ్డవాడు కాదు. జెట్టీ వెనకున్న చమురు ట్యాంకులను చూపించి, పొగమంచులో ఒక్కడు, బుద్ధి గడ్డి తిన్నవాడు ఒక్కడు వస్తే సగం ఊరు మిగలదమ్మా అన్నప్పుడు నిజంగానే ఆయన పెదవులు తడారిపోయాయి. ఆమెకూ భయం వేసింది. రాద్దామని కూర్చుంటే మాత్రం, పదకొండేళ్లుగా రాస్తున్న చప్పిడి మాటలే వచ్చాయి.

ఆ వారం సెలవు రోజున, మధ్యాహ్నం భోజనాల దగ్గర, మరిది ఆ పొగమంచు ఉదయం సంగతి చెప్పాడు.

బయట లంగరేసిన ఓడలో ఒక నావికుడికి మూర్ఛ వచ్చింది. నోట్లోంచి నురగ. ఒడ్డుకు చేర్చేవాళ్లెవరైనా ఉన్నారా అని ఓడ వైర్‌లెస్‌లో అడిగింది. పోర్టు పడవలవాళ్లు పొగమంచులో కదిలేది లేదన్నారు. మరిది, మిస్త్రీ వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు లాంచీ ముక్కు కూడా కనపడలేదు. దారి తప్పితే ఆ మనిషి దక్కడని, మరిది చమురు జెట్టీ స్తంభాలను ఒకటొకటిగా పట్టుకుని, చీకటి గదిలో గోడ తడుముకుంటూ నడిచినట్టు రేవుకు చేరాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే పోయేవాడని డాక్టరు అన్నాడట.

మర్నాడు ఆమె అదంతా రాసింది. రాసి చదువుకుంటే ఎవరికో సన్మానపత్రం చదివినట్టుంది. ఒళ్లు జలదరించలేదు. అప్పుడు నావికుడున్న రెండు వాక్యాలు కొట్టేసింది.

మిగిలిన నాలుగు వాక్యాల్లో ఒక్క అబద్ధం లేదు.

రక్షణాధికారి అది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పక్క గదివాళ్లను పిలిచి పైకి చదివి వినిపించాడు. పదకొండేళ్లలో మొదటిసారి ఆమె రాతలో ఒక్క అక్షరం దిద్దలేదు. ఆ రోజు ఆమె దారి పొడవునా తనలో తను నవ్వుకుంటూ ఇంటికి వచ్చింది. ఇప్పుడు మిగతావన్నీ ఒక ఎత్తు, ఆ నవ్వు ఒక ఎత్తు. అది గుర్తొచ్చినప్పుడల్లా ఒంటరిగా ఉన్నా తల దించుకుంటోంది.

నిధి మంజూరైంది. గోడ పని మొదలైంది, కెమెరాలు వచ్చాయి, గస్తీ పడవ వచ్చింది. ఎత్తి చూపిన కన్నాలన్నీ ముందు పూడ్చాలన్నది నిధి ఇచ్చినవాళ్ల షరతు. ఆ షరతు సంగతి ఆమెకు రాసేటప్పుడు తెలియదు. తెలిస్తే మానేసేదా? ఆ ప్రశ్న దాకా వచ్చి ఆగిపోతోంది.

*

ఆ సాయంత్రం భర్తకు చెప్పేసింది. ఆయన బస్సు డిపోలో కంట్రోలరు. అప్పుడే వచ్చి, స్నానం చేసి, తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు. అదే నిధి కింద బస్సుల్లో కూడా కెమెరాలు పెట్టారని, జేబుదొంగలు తగ్గారని నెల రోజులుగా మెచ్చుకుంటున్న మనిషి.

ఆయన తువ్వాలు తల మీదే ఉంచుకుని మంచం మీద కూర్చున్నాడు.

“కాగితం మీద నీ పేరుందా?”

“ఇంటికొచ్చిన ఆ పేజీ మీద లేదు.”

“ఆఫీసులో ఎవరికైనా తెలుసా, ఇది మనింట్లో విన్న మాటని?”

“తెలీదు.”

“అయితే ఎవరికీ తెలీదు,” అన్నాడు. అంటూ లేచి తువ్వాలు ఆరేశాడు.

తమ్ముడి గురించి, మిస్త్రీ గురించి ఆయన ఇంకో మాట అంటాడని ఆమె చూసింది. నువ్వెందుకిలా చేశావని తిడతాడేమోనని కూడా చూసింది. ఆయన భోజనం పెట్టమన్నాడు. ఆమెకు ప్రాణం కుదుటపడింది. అలా కుదుటపడినందుకు మళ్లీ తనను చూసి తనకే రోత పుట్టింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్లగానే రక్షణాధికారి గదిలోకి వెళ్లి, ఆ మూడో అంశం విషయంలో మనం తొందరపడ్డామేమో సార్ అంది. లాంచీవాళ్లు ఎవరినో కాపాడటానికి ఆ దారిన వచ్చారని బయట అనుకుంటున్నారని, పాత రేవును మూయకుండా అక్కడొక కాపలా మనిషిని పెడితే సరిపోతుందేమోనని, చుట్టూ తిరిగి చెప్పింది.

ఆయన ఓపికగా విన్నాడు. విని, ఫైలు ఆమె వైపు తిప్పాడు. నిధి ఇచ్చినవాళ్లకు నెలాఖరులోగా నివేదిక పంపాలి. పూడ్చిన కన్నాల్లో మొదటిది పాత రేవని అందులో రాయాలి. అది కూడా ఆమే రాయాలి.

తర్వాత ఇంకో సంగతి చెప్పాడు. నోటీసుకు లాంచీ అతను జవాబు రాసిచ్చాడట. తన మీద చాడీలు మోసిన మిస్త్రీకి బహుమానంగా గస్తీ పడవ మీద ఉద్యోగం ఇచ్చారని అందులో ఆరోపించాడట. “ఇది పైకి వెళితే మనకు తలనొప్పి. అందుకే ఆ మిస్త్రీని జాబితాలోంచి తీసేద్దామనుకుంటున్నా. రేపు విచారణలో అతను చెప్పలేదని తేలితే సరే. తేలకపోతే అంతే.”

“అతను చెప్పలేదు సార్,” అంది ఆమె. అనుకోకుండా వచ్చేసింది ఆ మాట.

రక్షణాధికారి కళ్లజోడు తీసి ఆమెను చూశాడు.

“నీకెవరు చెప్పారో ఆ రోజు నేనడగలేదు, నువ్వూ చెప్పలేదు. సొంత మనుషుల సంగతులేవీ ఇందులో లేవని దరఖాస్తు కింద మనిద్దరం సంతకాలు పెట్టాం. అది అలా ఉండటమే అందరికీ మంచిదమ్మా.”

ఆమె ఫైలు తీసుకుని తన బల్ల దగ్గరకు వచ్చింది. సాయంత్రం దాకా నివేదికలో ఒక్క వాక్యం రాయలేకపోయింది. మిగతా పనులన్నీ మాత్రం ఎప్పటిలాగే చక్కగా చేసింది.

*

ఇంటికి వచ్చేసరికి మామగారు వరండాలో కూర్చుని భూతద్దంతో ఆ కాగితం చదువుతున్నారు. మోకాళ్లు మొరాయించేదాకా నీలి లాంచీ ఆయనదే. ఇప్పటికీ రేవులో లాంచీలు నడిపేవాళ్లకు ఆయన పెద్ద సరంగే. రోజూ పొద్దున్నే వెళ్లి, రాతి మెట్ల మీద కూర్చుని, వచ్చే పోయే లాంచీలను చూసి వచ్చేవారు. మూడు రోజులుగా అదీ లేదు. రేవుకు తాళం పడింది.

“అమ్మాయ్,” అన్నారు. ఆమె చేతిసంచీ దించకుండానే ఆగింది.

“ఇంజను గదిలో ఉన్నవాడికి స్తంభాలు కనపడవు.”

ఆమెకు అర్థమైంది. అర్థం కానట్టు నిలబడింది.

ఆయన భూతద్దం మెల్లగా తుడుచుకుంటూ చెప్పారు. లాంచీ కదులుతున్నంతసేపూ మిస్త్రీ కింద ఉంటాడు. పైన ఏముందో అతనికి తెలీదు. చెయ్యి చాపితే అందేంత దగ్గర అని చెప్పాలంటే, చుక్కాని పట్టుకున్నవాడే చెప్పాలి. లేకపోతే వాడి నోట విన్నవాళ్లు చెప్పాలి.

“వాడా మాట అన్నది ఈ ఇంట్లో. భోజనాల దగ్గర. మిస్త్రీ ఆ రోజు లేడు.”

“మామయ్యా...”

ఆయన చెయ్యెత్తి ఆపారు. “నాకేం చెప్పకమ్మా. చెబితే నాకు తెలిసినట్టవుతుంది.”

ఆమె లోపలికి వెళ్లింది. చేతిసంచీ ఇంకా భుజానే ఉందని కాసేపటికి గాని తెలీలేదు.

దీపాలు పెట్టే వేళకు మామగారు చిన్నకొడుకుని పిలిచారు. తనే నోరు జారానని చెప్పారు. కొడుకు చేసిన ఘనకార్యం నలుగురికీ చెప్పుకోవాలన్న ముచ్చటతో రేవులో వాగానని, ఎవరి చెవిన పడి ఎవరు మోశారో తెలీదని, మిస్త్రీకి ఏ పాపం తెలీదని చెప్పారు. రేపు విచారణకు వచ్చి అదే మాట అక్కడా చెబుతానన్నారు.

పెద్ద కోడలు తలుపు పక్కన నిలబడి అంతా వింది. భర్త కూడా విన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మరిది కేకలు వేస్తాడనుకున్నారు. వెయ్యలేదు.

“మిస్త్రీని కొట్టాను నాన్నా,” అన్నాడు. అంతే. చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు.

మిస్త్రీ ఇంటికే వెళ్లాడట. తలుపు తియ్యలేదట. తిరిగి వచ్చి, తండ్రి పక్కన కూర్చుని తినడం ఇష్టం లేక, తన పళ్లెం తీసుకుని పెరట్లోకి పోయాడు. ముసలాయన ఒక్కరే బల్ల దగ్గర మిగిలారు. ఆమె వడ్డించింది. ఆయన చాలన్నారు. ఆమె ఇంకొంచెం వడ్డించింది. 

చెప్పేయాలని మూడుసార్లు పెరటి గుమ్మం దాకా వెళ్లింది. మూడుసార్లూ చేతిలో ఏదో ఒక గిన్నె పట్టుకుని వెళ్లింది. గిన్నె కడుక్కుని వచ్చేసింది.

*

విచారణ రోజు పొద్దున, ఆమె ఆఫీసుకు బయలుదేరుతుంటే, మరిది వీధి మలుపు దాకా వెంట వచ్చాడు.

“అక్కడ మేం నిన్ను ఎరగనట్టే ఉంటాం వదినా. నాన్నకి కూడా చెప్పాను. మావల్ల నీ ఉద్యోగానికి మచ్చ రాకూడదు.”

ఆమె తల ఊపింది. 

విచారణ గది చిన్నది. పొడుగాటి బల్లకు ఆ చివర రక్షణాధికారి, ఆయన పక్కన కలం, కాగితాలతో ఆమె. ఈ చివర మామగారు, మరిది, ఒక కుర్చీ ఖాళీ వదిలి మిస్త్రీ. మిస్త్రీ చెంప మీద వాపు తగ్గింది గాని, అతను ఆ చెంపను గోడ వైపు తిప్పి కూర్చున్నాడు. కిటికీలోంచి గస్తీ పడవ కనపడుతోంది, ఇంకా కొత్త కవరు తియ్యలేదు.

రక్షణాధికారి మర్యాదగానే మొదలుపెట్టాడు. పెద్ద సరంగుగారు తనంతట తాను ఏదో చెప్పాలనుకుంటున్నారని, అది నమోదు చేయమని ఆమెకు చెప్పాడు.

మామగారు చెప్పారు. ఆమె రాసింది. ఆయన చెప్పే ప్రతి అబద్ధాన్నీ తన గుండ్రటి దస్తూరీలో, తప్పు లేకుండా రాసింది.

“రేవులో చెప్పానన్నారు. ఎవరికి?” అని అడిగాడు రక్షణాధికారి.

ఈ ప్రశ్న వస్తుందని మామగారు అనుకున్నట్టు లేరు. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడి ఎరగరు. కిటికీ వైపు, పడవ వైపు చూసి, చివరికి రేవు పాత కాపలాదారు పేరు చెప్పారు.

“ఆయన్ని పిలిపిద్దామా?”

“పోయాడండి.”

“అయ్యో. ఎప్పుడు?”

“వానల్లో.”

రక్షణాధికారి ఫైలు తిరగేశాడు. పొగమంచు ఉదయం తేదీ మీద వేలు పెట్టి ఆగాడు. “క్రితం వానల్లోనేగా?” అన్నాడు, ఏ కల్మషం లేకుండా. “పొగమంచు సంగతి ఆ తర్వాతి చలికాలంలోది కదండీ. అప్పటికే పోయిన మనిషికి ఎలా చెప్పారు?”

 మామగారి పెద్ద చేతులు బల్ల మీద ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

ఆమె కలం ఆగలేదు. ఆగితే ఏమవుతుందోనని, రాసిన వాక్యం కిందే మళ్లీ గీత గీస్తూ కూర్చుంది.

మరిది తండ్రిని చూస్తున్నాడు. కోపం కాదు, లెక్క కుదరనివాడి చూపు. నాన్న అబద్ధం చెబుతున్నాడు. ఎందుకు చెబుతాడు? ఎవరి కోసం చెబుతాడు? తన కోసం కాదు. మిస్త్రీ కోసమైతే ఇంత దూరం అక్కర్లేదు. అతని చూపు తండ్రి చేతుల మీంచి బల్ల వెంబడి ప్రయాణం చేసింది. ఫైలు మీదుగా, ఎర్ర గీత గీసిన పేజీ మీదుగా వచ్చి, కలం పట్టుకున్న వేళ్ల దగ్గర ఆగింది.

అతను చూపు తిప్పేసుకున్నాడు. మాటిచ్చాడు మరి, ఎరగనట్టు ఉంటానని.

ఆమె ఇంకా ఊరుకోవచ్చు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ముసలాయన మతిమరుపని రాసేసి, మిస్త్రీ పేరు కొట్టేసి, మధ్యాహ్నానికి విచారణ ముగిసిపోతుంది. ఆ పని కూడా ఆమె చేతి మీదుగానే జరుగుతుంది.

“ఆయన ఎవరికీ చెప్పలేదు సార్,” అంది.  “ఆయన మా మామగారు. లాంచీ అతను మా మరిది. వాళ్లింట్లో... మా ఇంట్లో, అన్నం తింటూ చెప్పిన మాట అది. విన్నది నేను. రాసింది నేను.”

రక్షణాధికారి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మామగారు కళ్లు మూసుకున్నారు. మిస్త్రీ మొదటిసారి ఆ చెంపను ఇటు తిప్పాడు.

మరిది ఆమె వైపు తిరిగాడు.

“ఆ జబ్బు మనిషి గురించి కూడా చెప్పాను కదా వదినా. అతని గురించే ఎక్కువసేపు చెప్పాను. నీ కాగితంలో అతను లేడే?”

చోటు సరిపోలేదని చెప్పొచ్చు. సార్ తీసేయమన్నారని చెప్పొచ్చు. రెండు రోజులుగా ఇలాంటి జవాబులు నాలుగైదు కూడబెట్టుకుని ఉంది. ఒక్కటీ నోటికి రాలేదు.

“అతనుంటే చదివినవాళ్లకి భయం వెయ్యదని తీసేశాను.”

 మరిది మొహంలో ఏ మార్పూ రాలేదు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. తిట్టలేదు. తన ముందున్న నోటీసును మడత మీద మడత పెట్టాడు, ఇక మడవడానికి వీల్లేనంత చిన్నదిగా.

“అమ్మాయ్,” అన్నారు మామగారు కళ్లు తెరిచి. “అతని సంగతి ఇప్పుడు రాయి. ఓడలోంచి వైర్‌లెస్ వచ్చిన దగ్గర్నుంచి రాయి. నేను చెప్పిందంతా కొట్టెయ్.”

ఆమె కొత్త కాగితం తీసుకుంది.

“ఒక్క నిమిషం ఆగు,” అన్నాడు రక్షణాధికారి. గొంతులో మందలింపు లేదు, అలసట ఉంది. “అందరూ వినండి. ఇది రాస్తే, దరఖాస్తులో నిజం దాచామని మనమే ఒప్పుకున్నట్టు. నా ఉద్యోగం, ఈవిడ ఉద్యోగం పక్కన పెట్టండి. నిధి ఆపేస్తారు. గోడ పని ఆగుతుంది. ఆ పడవ వెనక్కి పోతుంది. పడవే లేకపోతే దాని మీద ఇంజను మనిషి కూడా ఉండడు.”

అందరి కళ్లూ మిస్త్రీ వైపు తిరిగాయి.

ఏ పాపం ఎరగని ఆ మనిషికి ఆ పడవ మీది పని తప్ప ఇప్పుడు వేరే ఆధారం లేదు. లాంచీ ఆగిపోయింది. ఇంటి దగ్గర భార్య ఎదురుచూస్తూ ఉంటుంది. అతను కిటికీలోంచి పడవను ఒకసారి చూశాడు. తర్వాత ఆమె ముందున్న ఖాళీ కాగితాన్ని చూశాడు. తర్వాత ఆమెను చూశాడు.

అన్నయ్యా, మీరేమంటే అది రాస్తాను అని అడుగుదామనుకుంది. అడిగితే ఆ బరువు కూడా అతని నెత్తినే పెట్టినట్టవుతుందని తోచి, కలం పట్టుకున్న చేతిని కాగితం మీద ఆనించి తల దించుకుంది.

“ఓడలోంచి వైర్‌లెస్ వచ్చిన దగ్గర్నుంచి రాయమ్మా,” అన్నాడు మిస్త్రీ, కిటికీ వైపు చూడకుండా.